పిర్రకు వేసిన టీకా, వాలిపోయిన పాదం: పరిహారం ఎవరిని, ఎలా అడగాలి

అమ్మా, మీరు రాసిన సంగతులను ముందుగా ఒకసారి చెప్పుకుంటాను, జవాబంతా వాటి మీదే నిలబడుతుంది కనుక. వింజమూరు దగ్గరి పల్లెలో ఉంటున్న మీ బాబుకు 18వ నెలలో, ఒక బుధవారం నాడు, ఊళ్లో జరిగిన టీకాల కార్యక్రమంలో డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే టీకా) బూస్టరు వేశారు. సూదిని తొడకు కాకుండా ఎడమ పిర్రకు వేశారు. సూది పడగానే బిడ్డ గుక్కపట్టి ఏడ్చాడు, ఆ రాత్రికే ఎడమ పాదం వాలిపోయింది, నాలుగు నెలలైనా కాలు ఈడుస్తూనే నడుస్తున్నాడు. నెల్లూరులో చూపిస్తే నరం దెబ్బతిన్నదని డాక్టరు అన్నారు. ఊళ్లో సిబ్బంది మాత్రం టీకాకూ దీనికీ సంబంధం లేదంటున్నారు. కార్డులో "ఎడమ తొడ" అనే రాసి ఉంది. పరిహారం వస్తుందా, వస్తే ఎవరిని అడగాలి, ఏ కోర్టుకు వెళ్లాలి అన్నది మీ ప్రశ్న.

నేను నెల్లూరు కోర్టుల్లో 26 ఏళ్లుగా వకాలతు చేస్తున్నాను, అందులో వైద్య నిర్లక్ష్యానికి సంబంధించిన కేసులు చాలానే చూశాను. మీ విషయంలో నాకు కనిపిస్తున్న ముఖ్యమైన మాట ఒకటే. మీరు "టీకా వల్ల నా బిడ్డ కాలు పోయింది" అని వాదించకూడదు. "టీకా వేయకూడని చోట వేయడం వల్ల నరం దెబ్బతిన్నది" అని వాదించాలి. ఈ రెండు మాటలూ వినడానికి ఒకలాగే ఉన్నా కోర్టులో వాటి దారులు పూర్తిగా వేరు. మొదటి మాట అంటే మందులోనే దోషం ఉందని మీరు నిరూపించాలి, అది కంపెనీలతోనూ శాస్త్రవేత్తలతోనూ తేలవలసిన తగవు. రెండో మాటకు మందు ఎంత మంచిదైనా ఇబ్బంది లేదు. డీపీటీ బూస్టరును 16 నుంచి 24 నెలల వయసులో తొడ ముందువైపు, కొంచెం బయటి పక్కగా, కండరంలోకి వేయాలని జాతీయ టీకాల కార్యక్రమం స్పష్టంగా చెబుతోంది. కాలికంతటికీ ప్రాణమైన సయాటిక్ నరం పిర్రలోంచి కిందికి దిగుతుంది కాబట్టే చిన్నపిల్లలకు అక్కడ టీకా వేయవద్దన్నారు. ఆరోగ్య సిబ్బందికి ఇచ్చే శిక్షణలో కూడా, పిర్రకు వేస్తే ఈ నరం దెబ్బతినవచ్చు అన్నది టీకా వేయడంలో జరిగే పొరపాట్లకు ఉదాహరణగా చెబుతారు. అంటే మీరు చెబుతున్న ప్రమాదం ప్రభుత్వం తనకు తెలుసని ముందే రాసి పెట్టుకున్న ప్రమాదం.

టీకా తర్వాత కలిగే అనారోగ్యాలను నమోదు చేసి విచారించడానికి మన దేశంలో ఒక ఏర్పాటు ఉంది, దాన్ని సిబ్బంది ఏఈఎఫ్ఐ అంటారు. మరణం, ఆసుపత్రిలో చేరడం, వైకల్యం వంటివి తీవ్రమైనవిగా లెక్క. అటువంటిది తెలిసిన వెంటనే వైద్యాధికారి కేసు నమోదు పత్రం నింపి జిల్లా టీకాల అధికారికి పంపాలి, జిల్లా నుంచి పైకి వెళ్లడానికి మొత్తం 48 గంటలే గడువు. తర్వాత ప్రాథమిక విచారణ పత్రం 10 రోజుల్లోనూ, తుది విచారణ పత్రం 70 రోజుల్లోనూ వెళ్లాలి. ఆపైన రాష్ట్ర కమిటీ కూర్చుని కారణం ఏమిటో తేలుస్తుంది. ఆ తేల్పుకు అంతర్జాతీయంగా వాడే వర్గీకరణ ఉంది: మందు స్వభావం వల్ల కలిగినది, మందు నాణ్యతలో లోపం వల్ల కలిగినది, వేయడంలో పొరపాటు వల్ల కలిగినది, సూది భయం వల్ల కలిగినది, కాకతాళీయంగా జరిగినది, ఏదీ తేల్చలేనిది అని. మీ బాబు కేసు మూడో వర్గంలోకి రావాలి. మీ బిడ్డ కేసు అసలు నమోదే కాలేదని నా అనుమానం, ఎందుకంటే విచారణకు ఎవరూ మీ ఇంటికి రాలేదని మీరే రాశారు. నాలుగు నెలలు దాటినంత మాత్రాన నమోదు చేయించడానికి ఆలస్యమైపోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్ఓ) పేరిట, జిల్లా టీకాల అధికారికి ప్రతి పంపుతూ, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే కాగితాన్ని ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. నోటిమాటగా చెప్పి తిరిగి వస్తే అది జరగనట్టే.

ఇక్కడ చాలామంది వకీళ్లకు కూడా తట్టని సంగతి ఒకటి ఉంది. పదిహేనేళ్లలోపు పిల్లల్లో ఎవరికైనా కాలు గానీ చెయ్యి గానీ హఠాత్తుగా సత్తువ తప్పి వాలిపోతే, అది పోలియో కాదని తేల్చడం కోసం, దాన్ని ఏఎఫ్‌పీ కేసుగా తప్పనిసరిగా నమోదు చేయాలి. పక్షవాతం మొదలైన 14 రోజుల్లోపు, 24 గంటల తేడాతో రెండుసార్లు మలం నమూనాలు తీసి పరీక్షకు పంపాలి. పోలియో పోయిందని మనం అనుకుంటున్నా ఈ నిఘా ఆగలేదు. మిమ్మల్ని మొదట చూసిన ఆసుపత్రిలో ఎవరైనా నమూనాలు అడిగారా, మీ ఇంటికి వచ్చి బిడ్డ కాలు పట్టుకుని చూసి ఏదైనా ఫారం నింపారా అన్నది గుర్తుచేసుకోండి. అలా జరిగి ఉంటే ఆ ఫారంలో జబ్బు మొదలైన తేదీ, ఏ కాలు, అంతకుముందు సూది వేశారా లేదా అన్న వివరాలు ఉంటాయి. అప్పటికి ఎవరికీ కోర్టు ఆలోచన లేదు కనుక ఆ రాతకు న్యాయమూర్తి దగ్గర ఎంతో విలువ ఉంటుంది. అలా జరగకపోతే, వాలిపోయిన కాలిని చూసి కూడా ఎందుకు నమోదు చేయలేదన్నదే మీ నోటీసులో ఒక ప్రశ్న అవుతుంది.

"ఇది పోలియో లాంటిదేదో అయి ఉండవచ్చు" అన్న వాదనకు వైద్యపరమైన జవాబు నరాల పరీక్షలో ఉంది. నరం గుండా సంకేతం ఎలా ప్రవహిస్తోందో చూసే ఎన్‌సీవీ, కండరాన్ని చూసే ఈఎంజీ అనే ఈ రెండు పరీక్షలు దెబ్బ తగిలిన మూడు నాలుగు వారాల తర్వాత చేస్తే స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి, మీకు ఇప్పుడు చేయించినా ఫలితం ఉంటుంది. పోలియోలో స్పర్శ నరాలు బాగానే ఉంటాయి, సయాటిక్ నరం దెబ్బతింటే కదలికతో పాటు స్పర్శ కూడా తగ్గుతుంది. తిరుపతి స్విమ్స్‌లోనో, మన నెల్లూరు వాళ్లు అలవాటుగా వెళ్లే వేలూరు సీఎంసీలోనో, నరాల వైద్యుల చేత చూపించి, దెబ్బ ఏ నరానికి, ఏ ఎత్తులో తగిలిందో రిపోర్టులో రాయమని అడగండి. పిర్ర ఎత్తులో నరం దెబ్బతిన్నదని ఆ కాగితం చెబితే, కార్డులోని "ఎడమ తొడ" అన్న రాత దానంతట అదే బలహీనపడుతుంది, ఎందుకంటే తొడ ముందువైపు వేసిన సూది సయాటిక్ నరాన్ని తాకే వీలు లేదు. దీన్ని మీరు కేసు కోసం మాత్రమే చేయించవద్దు. మూడు నుంచి ఆరు నెలల్లో తగినంత మెరుగు కనిపించని బిడ్డలకు శస్త్రచికిత్స అవసరమా అని నిపుణులు ఆలోచించే సమయం ఇదే. పరిహారం ఆలస్యమైనా వస్తుంది గానీ నరానికి ఉన్న గడువు కోర్టు వాయిదాలను లెక్కచేయదు.

సాక్ష్యాల విషయం ఇంకా చెప్పాలి. ఆ బుధవారం మీ బాబుతో పాటు ఏయే పిల్లలకు టీకాలు వేశారో సిబ్బంది దగ్గర జాబితా ఉంటుంది, ఆ తల్లులు మీ ఊరి వాళ్లే. వాళ్ల బిడ్డలకు సూది ఎక్కడ వేశారో ఇప్పుడే అడిగి తెలుసుకోండి. ఒక్కరిద్దరైనా "మా బిడ్డకూ పిర్రకే వేశారు" అంటే అది ఒకరి పొరపాటుగా కాక అలవాటుగా జరుగుతున్న తప్పు అని తేలుతుంది. సమాచార హక్కు చట్టం కింద ఆ రోజు టీకాల జాబితా, మందు బ్యాచ్ నంబరు ఉన్న నిల్వ రిజిస్టరు, ఆ రోజు టీకా వేసిన వ్యక్తి పేరు ఉన్న కార్యక్రమ ప్రణాళిక, ఆ వ్యక్తి పొందిన శిక్షణ వివరాలు, మీ బాబు పేరిట ఏఈఎఫ్ఐ గానీ ఏఎఫ్‌పీ గానీ నమోదై ఉంటే ఆ పత్రాల నకళ్లు అడగండి. జిల్లా కార్యాలయానికి దరఖాస్తు రుసుం 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. బిడ్డ వ్యక్తిగత వివరాలని తిప్పి పంపితే, అడుగుతున్నది తల్లే కదా అని మొదటి అప్పీలు వేయండి. ఆసుపత్రి చికిత్స రికార్డుల నకళ్లు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల వృత్తి నియమావళి 2002 నుంచి చెబుతోంది, వాటిని మూడేళ్లు భద్రపరచవలసిన బాధ్యత కూడా వాళ్లదే.

తల్లీబిడ్డల రక్షణ కార్డును మాత్రం ఎవరి చేతికీ ఇవ్వవద్దు. చాలా ఏళ్ల కిందట కావలి వైపు నుంచి ఒక దంపతులు నా దగ్గరకు వచ్చారు. టీకా వేసిన చోట చీము పట్టి, బిడ్డ తొడకు రెండుసార్లు ఆపరేషను చేయించుకున్నారు. "ఎంట్రీ వేసి ఇస్తాం" అని కార్డు తీసుకున్నవాళ్లు దాన్ని తిరిగి ఇవ్వలేదు, కొత్త కార్డు ఇచ్చారు, అందులో ఆ తేదీ గడి ఖాళీగా ఉంది. నేను ఎంత ప్రయత్నించినా ఆ రోజు ఆ బిడ్డకు టీకా వేశారనే నిరూపించలేకపోయాను. ఆ తండ్రి కోర్టు మెట్ల మీద కూర్చున్న తీరు నాకిప్పటికీ కళ్ల ముందే ఉంది. మీ కార్డులో తొడ అని తప్పుగా రాసి ఉన్నా సరే, తేదీ, మందు పేరు, వేసినవారి సంతకం అందులో ఉన్నాయి. అన్ని పేజీలనూ ఫొటోలు తీసి మరొకరి ఫోనుకు కూడా పంపి ఉంచండి.

ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలి అన్న ప్రశ్న. అందరూ మొదట వినియోగదారుల కమిషన్ అంటారు, మీకది పనికిరాదు. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకుండా అందరికీ ఉచితంగా చేసే వైద్యసేవ వినియోగదారుల చట్టం కిందికి రాదని 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇదే టీకాను పట్నంలో ప్రైవేటు క్లినిక్‌లో డబ్బు కట్టి వేయించి ఉంటే, నెల్లూరులోని జిల్లా కమిషన్‌లో, ఘటన జరిగిన రెండేళ్లలోపు, వకీలు లేకుండానైనా ఫిర్యాదు వేసుకోవచ్చు. మీరు చదువరులకు కూడా ఉపయోగపడాలని అడిగారు కనుక ఇది చెబుతున్నాను.

మీ దారి సివిల్ కోర్టులో నష్టపరిహారపు దావా. ప్రభుత్వ సిబ్బంది చేసిన తప్పుకు ప్రభుత్వం ఎందుకు బాధ్యత వహించాలి అన్న వాదన ఒకప్పుడు గట్టిగా వినిపించేది. ఆసుపత్రులు నడపడం సార్వభౌమాధికారం కాదు, సంక్షేమ కార్యం, కాబట్టి సిబ్బంది నిర్లక్ష్యానికి ప్రభుత్వం జవాబుదారీ అని 1996లో అచ్యుతరావు ఖోద్వా కేసులోనూ, 2000లో సంత్రా కేసులోనూ సుప్రీంకోర్టు చెప్పింది. అందుచేత దావాలో రాష్ట్ర ప్రభుత్వమే ముఖ్య ప్రతివాది కావాలి. సూది వేసిన నర్సమ్మ ఒక్కదాన్నే బోనులో నిలబెట్టాలన్న కోపం మీకు ఉండవచ్చు, అది సహజం. అయినా ఆమె దగ్గర మీ బిడ్డ జీవితకాలపు ఖర్చు వసూలు కాదు. ఆమెకు శిక్షణ ఎవరిచ్చారు, పర్యవేక్షణ ఎవరు చేశారు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పవలసింది శాఖ. పోలీసు ఫిర్యాదు గురించి కూడా అదే మాట. డాక్టర్ల మీద క్రిమినల్ కేసుకు తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని, ముందుగా స్వతంత్ర వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో నియమం పెట్టారు. ఆ కేసు పెట్టినంత మాత్రాన పరిహారం రాదు, పైగా నోరు విప్పగలిగిన ఆశా కార్యకర్త కూడా మౌనం వహిస్తుంది.

దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద కలెక్టరుకు రెండు నెలల నోటీసు తప్పనిసరి. గడువు విషయంలో నా సలహా కొంచెం కఠినంగా ఉంటుంది. మైనరుకు మేజరయ్యే దాకా కాలపరిమితి నడవదని లిమిటేషన్ చట్టం 6వ సెక్షన్ చెబుతుంది, కొందరు వకీళ్లు దాన్ని చూపించి తొందరేమీ లేదంటారు. అయితే మీరు, మీ భర్త పెట్టిన వైద్యఖర్చులు, పోగొట్టుకున్న కూలి మీ సొంత క్లెయిము, దానికి ఆ రక్షణ లేదు. చట్టప్రకారం చేసిన పనిలో జరిగిన తప్పు అంటూ ఒక్క ఏడాది గడువు పెట్టే అదే లిమిటేషన్ చట్టంలోని 72వ ఆర్టికల్‌ను ప్రభుత్వ న్యాయవాది ముందుకు తెచ్చే అవకాశం ఉంది. కనుక ఘటన జరిగి ఏడాది నిండకముందే దావా వేసేటట్టు చూసుకోండి. నాలుగు నెలలు ఇప్పటికే పోయాయి, నోటీసుకు రెండు నెలలు పోతాయి.

ఖర్చు గురించి భయపడ్డారు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు. నెల్లూరు కోర్టుల ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే వకీలును, కోర్టు ఫీజును వాళ్లే చూస్తారు. ఆసుపత్రి సేవల తగవులను దావాకు ముందే వినే అధికారం శాశ్వత లోక్ అదాలత్‌కు ఉంది కనుక ఆ వీలు గురించి కూడా అక్కడే అడగండి. హైకోర్టులో రిట్ (ప్రభుత్వం మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్) వేయమని ఎవరైనా అంటే, సూది ఎక్కడ వేశారన్నదే వివాదం అయినప్పుడు రిట్‌లో సాక్షులను విచారించరు, "సివిల్ కోర్టుకు వెళ్లండి" అని పంపే ప్రమాదం ఉంది. రాష్ట్ర కమిటీ "వేయడంలో పొరపాటు" అని రాసి ఇస్తే మాత్రం వివాదం ఉండదు, అప్పుడు అమరావతిలోని హైకోర్టు దారి తెరుచుకుంటుంది. అందుకే నేను ఏఈఎఫ్ఐ నమోదును అంత గట్టిగా చెబుతున్నాను.

ఎంత వస్తుందన్న దానికి మోటారు ప్రమాదాల కేసుల్లో పిల్లలకు కట్టిన లెక్కలు కోర్టులు చూస్తాయి. మాస్టర్ మల్లికార్జున్ కేసులో సుప్రీంకోర్టు వైకల్యం 10 నుంచి 30 శాతం అయితే 3 లక్షలు, 30 నుంచి 60 శాతం అయితే 4 లక్షలు అని పట్టిక వేసింది, చికిత్స ఖర్చులు దానికి అదనం. ఆ తర్వాత 2020లో కాజల్ కేసులో, పూర్తిగా మంచానికి పరిమితమైన పన్నెండేళ్ల పాప విషయంలో, కనీస వేతనాల ప్రకారం లెక్కించి 62 లక్షలకు పైగా ఇప్పించింది. మీ బాబుది అంతటి వైకల్యం కాదు కనుక ఆ అంకె మీద ఆశ పెట్టుకోవద్దు. అయితే లెక్క కట్టే పద్ధతిని మాత్రం మనం వాడుకోవాలి. హైదరాబాదు నిమ్స్‌లో 1990లో జరిగిన ఆపరేషన్ తర్వాత చక్రాల కుర్చీకి పరిమితమైన ప్రశాంత్ ధనంక కేసులో 2009లో కోటి రూపాయలు ఇప్పిస్తూ, రోగి మొదటి ఆధారం చూపించాక తమ తప్పు లేదని నిరూపించుకునే భారం ఆసుపత్రిది అని సుప్రీంకోర్టు అన్నది. ఆ మాట మీకు కోటి రూపాయల కంటే ఎక్కువ ఉపయోగం. ఆ తీర్పుకు ఎన్నేళ్లు పట్టిందో కూడా గమనించండి, అంత ఓపిక మీకు కావలసి రావచ్చు.

వైకల్య శాతం సదరం శిబిరంలో ప్రభుత్వ వైద్య బోర్డు ఇచ్చే ధ్రువపత్రంతో తేలుతుంది. 40 శాతం, అంతకు మించి ఉంటే 2024 నుంచి నెలకు 6,000 రూపాయలుగా ఉన్న పింఛనుకు కూడా అది ఆధారం. పింఛను తీసుకుంటే పరిహారం పోతుందని ఎవరో చెప్పారని రాశారు, అది నిజం కాదు.

కోవిడ్ టీకాల పరిహారం గురించి మీరు చదివినవి మీ కేసుకు కలపవద్దు. అక్కడ 2022 నవంబరులో కేంద్రం, టీకా ఐచ్ఛికం కనుక మరణాలకు తాను బాధ్యురాలిని కానని సుప్రీంకోర్టుకు అఫిడవిట్ ఇచ్చింది. ఆ తగవు మందు స్వభావం వల్ల వచ్చిన దుష్ఫలితాలది. తప్పెవరిదని అడగకుండానే పరిహారం ఇచ్చే చట్టాన్ని అమెరికా 1986లోనే చేసుకుంది, మన పార్లమెంటు అటువంటి చట్టం చేయలేదు. చేసి ఉంటే మీవంటి తల్లి సాక్షుల కోసం ఊరంతా తిరగవలసిన అవసరం ఉండేది కాదని నేను గట్టిగా నమ్ముతాను. అది లేనందువల్లే "ఎవరి పొరపాటు" అన్నది మనం చూపించవలసి వస్తోంది. 2021 జనవరిలో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పోలియో చుక్కలకు బదులు 12 మంది పిల్లలకు శానిటైజర్ వేసిన ఘటన కూడా మందు తప్పు కాదు, వేసినవారి తప్పే.

ఊళ్లో పెద్దమనుషులు కొంత సొమ్ము ఇప్పించి స్టాంపు కాగితం మీద సంతకం పెట్టమంటున్నారని చివర్లో రాశారు. పెట్టకండి. దావా నడుస్తున్నప్పుడు మైనరు తరఫున రాజీ పడాలంటే కోర్టు అనుమతి కావాలన్నది చట్టం, అది బిడ్డ హక్కును పెద్దలు చౌకగా వదులుకోకుండా కాపాడటానికే పెట్టారు. కోర్టు ద్వారా వచ్చిన సొమ్మును సాధారణంగా బిడ్డ పేరిట బ్యాంకులో వేయిస్తారు, చికిత్సకు కావలసినప్పుడు అనుమతితో తీసుకోవచ్చు.

బాబుకు మిగిలిన టీకాలు వేయించాలా వద్దా అని భయపడుతున్నారు. తప్పకుండా వేయించండి. డీపీటీ రెండో బూస్టరు ఐదారేళ్ల వయసులో, అది జబ్బకు వేస్తారు. తట్టు టీకా రెండో డోసు కూడా 16 నుంచి 24 నెలల మధ్యనే, అది కూడా జబ్బకే, కార్డులో పడిందో లేదో చూసుకోండి. మీ పోరాటం టీకా మీద కాదని కోర్టుకు కూడా తెలియాలి, బిడ్డకు మిగతా టీకాలన్నీ వేయించిన తల్లి మాటకు బరువు ఎక్కువ. వేయించేటప్పుడు "ఎక్కడ వేస్తున్నారమ్మా" అని అడగండి, అడగడం మీ హక్కు.

ఈ వారంలో చేయవలసినవి: కార్డు ఫొటోలు, సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదు, జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల ప్రత్యేక కేంద్రంలో పాదానికి ఊతపట్టీ, ఫిజియోథెరపీ కోసం పేరు నమోదు. పట్టీ వేయకపోతే మడమ వెనక స్నాయువు బిగిసి పాదం ఆ వంపులోనే నిలిచిపోతుంది. నెలకొకసారి, ఒకే చోట, చెప్పులు లేకుండా బాబు పది అడుగులు నడిచే వీడియో తీసి తేదీతో దాచండి. ఎన్‌సీవీ రిపోర్టు వచ్చాక దాని నకలు తీసుకుని నోటీసు ముసాయిదా కోసం న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. అక్కడ మీకు కేటాయించిన వకీలుకు ఈ జవాబు చూపించినా నాకు అభ్యంతరం లేదు.